ఫిలిప్పీన్స్ నాణేలు, నోట్లు సేకరించాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి

ఫిలిప్పీన్స్‌లోని దవావో నగరంలో ఎంబీబీఎస్ చదివి వచ్చినవాళ్లు మన రెండు రాష్ట్రాల్లోనూ చాలామంది ఉన్నారు. మా పిన్ని కూతురూ అక్కడే చదివింది. వచ్చేటప్పుడు పర్సులో మిగిలిన చిల్లరంతా నా చేతిలో పోసింది, అందులో వాళ్ల ఇంటి ఓనరమ్మ ఇచ్చిన పాత బిళ్లలు కూడా కొన్ని ఉన్నాయి, నా సేకరణ అక్కడే మొదలైంది. మీకూ అలాంటి చుట్టాలుంటే ముందు వాళ్లని అడగండి, ఆ తర్వాతే డబ్బు ఖర్చు పెట్టండి.

అక్కడి డబ్బు పేరు పీసో, అందులో వందో వంతు సెంటిమో. మొదట వెతకాల్సింది 1983 నాటి 50 సెంటిమో బిళ్ల. ఒకవైపు ఆ దేశపు జాతీయోద్యమ రచయిత మార్సెలో డెల్ పిలార్, రెండోవైపు ఆ దేశపు గద్ద. గద్ద శాస్త్రీయ నామం పితెకోఫాగా (Pithecophaga) అని ఉండాలి, కొన్ని బిళ్లల మీద మధ్యలోని పి అక్షరం బదులు బి పడి పితెకోభాగా (Pithecobhaga) అయిపోయింది. భూతద్దం పెట్టి ఒక్కో అక్షరం చదవండి, తప్పున్నదీ సరిదిద్దినదీ రెండూ పక్కపక్కన పెట్టుకుంటే భలే ఉంటుంది. ఇలాంటిదే నోట్లలోనూ ఒకటుంది: 2005 నాటి 100 పీసోల నోటు మీద అప్పటి అధ్యక్షురాలు అర్రోయో పేరు అర్రోవో అని అచ్చయింది. తక్కువ ఖర్చుతో మొదలుపెట్టడానికి ఇంతకన్నా మంచివి నాకైతే కనబడలేదు.

తర్వాత జపాన్ ఆక్రమణ నోట్లు. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ దేశాన్ని ఆక్రమించుకుని 1942 నుంచి 1945 దాకా జపాన్ వాళ్లు కుప్పలుగా అచ్చేశారు, విలువ లేక జనం వాటిని మిక్కీ మౌస్ డబ్బు అన్నారు. అందుకే ఇప్పటికీ చాలా చవక. కొనేటప్పుడు నోటు మీద ఎర్రటి అక్షరాలు చూడండి, పి తో మొదలైతే ఫిలిప్పీన్స్‌ది, ఎం అయితే మలయాది, బి అయితే బర్మాది. బర్మా నోట్లు రూపాయల్లో ఉంటాయి. రంగూన్ వెళ్లొచ్చిన కుటుంబాలు ఉత్తరాంధ్రలో ఉన్నాయి కాబట్టి తాతల నాటి పెట్టెలో అలాంటిది కనబడితే పారేయకండి. ఫిలిప్పీన్స్ నోట్లలో 1943 వరసలో వాళ్ల జాతీయ వీరుడు రిజాల్ స్మారకం బొమ్మ ఉన్న 10 పీసోల నోటు నాకు బాగా ఇష్టం.

అదే రోజుల్లో సెబు, బొహోల్, నెగ్రోస్, మిండనావో లాంటి చోట్ల జపాన్‌కి లొంగని వాళ్లు సొంతంగా నోట్లు వేసుకున్నారు. దొరికిన కాగితం మీద, దొరికిన సిరాతో. అవి దగ్గర పెట్టుకుని పట్టుబడితే ప్రాణాలకే ముప్పు, అయినా జనం దాచుకున్నారు. మాసిపోయి, మడతలు పడి ఉంటాయి, అలా ఉన్నవే కొనండి. నా దృష్టిలో ఆ దేశపు చరిత్ర చేతికి తగిలేది వీటిలోనే.

వెండి పీసోల దగ్గర మాత్రం చాలా జాగ్రత్త. 0.01 గ్రాము దాకా చూపించే చిన్న త్రాసు లేకుండా ఒక్కటి కూడా కొనొద్దు. అమెరికా పాలనలో 1903 నుంచి 1906 దాకా వచ్చిన పీసో 26.96 గ్రాములు, 90 శాతం వెండి. వెండి రేటు పెరిగి నాణెం విలువ కన్నా అందులోని లోహం విలువే ఎక్కువైపోయింది, జనం కరిగించడం మొదలుపెట్టారు, దాంతో 1907 నుంచి 20 గ్రాములకు, 80 శాతం వెండికి తగ్గించారు. అంటే 1905 అని రాసుండి 20 గ్రాములే తూగితే అది నకిలీ, ఇక బేరం కూడా ఆడక్కర్లేదు. శాన్ ఫ్రాన్సిస్కోలో వేసిన 1906 పీసో చాలా అరుదు, దానికి నకిలీలూ ఎక్కువే, కొత్తవాళ్లు దాని జోలికి పోవద్దు.

నల్లగా, గుంటలు పడ్డ పీసో కనబడితే వెంటనే పక్కన పెట్టేయకండి. 1942లో జపాన్ సైన్యం చేతికి చిక్కకూడదని కొరెహిదోర్ దీవి దగ్గర సముద్రంలో కోటిన్నరకు పైగా వెండి పీసోలు ముంచేశారు. తర్వాత చాలావరకు పైకి తీశారు, ఉప్పునీళ్ల మచ్చలు అలాగే ఉండిపోయాయి. నా దగ్గరున్న అలాంటి దాన్ని ఇంట్లోవాళ్లు పాపం మంచి ఉద్దేశంతోనే ఇత్తడి చెంబు తోమినట్టు చింతపండుతో తోమేశారు. మెరిసింది, కానీ దాని కథంతా పోయింది. ఏ నాణేన్నీ తోమకండి, పాలిష్ పెట్టకండి.

ఇక స్పెయిన్ కాలం. 1565 నుంచి 1898 దాకా అంత సుదీర్ఘ పాలన జరిగినా మనీలాలో టంకశాల తెరిచింది 1861లోనే. అంతకు ముందు ఎక్కువగా తిరిగింది మెక్సికో రేవు అకపుల్కో నుంచి ఓడల్లో వచ్చిన అక్కడి వెండి. 1828 నుంచి 1837 వరకు వేరే దేశాల నాణేల మీద మనీలాలో ముద్రలు కొట్టారు. ఆ ముద్రలకు దొంగవి చాలా ఉన్నాయి, నాలుగైదేళ్లు చూసి కన్ను కుదిరాకే కొనండి. ఇప్పుడే స్పెయిన్ కాలంది ఒకటి కావాలనిపిస్తే స్పెయిన్ రాజు అల్ఫోన్సో 12 బొమ్మతో 1885 నాటి 50 సెంటిమో తీసుకోండి, అది కాస్త సులువుగానే దొరుకుతుంది.

దాచడానికి పీవీసీ కవర్లు వద్దు, నాణేనికి ఆకుపచ్చ జిగురు పడుతుంది. మైలార్ అనే వేరే రకం ప్లాస్టిక్ కవర్లు వాడండి, విశాఖ, కాకినాడ లాంటి చోట్ల డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లం తప్పనిసరి, ఏడాదికోసారి అయినా మార్చండి. నోట్లకు టేపు అంటించొద్దు. ప్రతి కవరు మీద ఎక్కడ, ఎప్పుడు, ఎంతకు కొన్నారో పెన్సిల్‌తో రాసి పెట్టండి, కవరులో నాణెం పెట్టక ముందే రాయండి.