రెండో ఛాయిస్ సీటా, మళ్ళీ అప్లయ్యా?

అమెరికాలో పీహెచ్‌డీకి అప్లై చేస్తే కోరుకున్న యూనివర్సిటీ కాదంది, రెండో ఛాయిస్ మాత్రం రమ్మంది. ఇలాంటప్పుడు ర్యాంకింగులు ముందేసుకుని కూర్చోకండి. ఒక తెల్లకాగితం తీసుకుని, "వచ్చేసారి నా అప్లికేషన్‌లో కొత్తగా ఏముంటుంది?" అని రాయండి.

అప్లికేషన్ గడువులు చాలావరకు డిసెంబర్‌లో పడతాయి. అంటే ఏప్రిల్‌లో ఆగాలనుకుంటే చేతిలో ఉండేది ఎనిమిది నెలలే. ఆలోగా ఒక రీసెర్చ్ పేపరో, రీసెర్చ్ ఉద్యోగమో, మీ పనిని దగ్గరుండి చూసినవాళ్ళ రికమెండేషన్ లెటరో ఖాయంగా వస్తుందా? వస్తే ఆగడంలో అర్థం ఉంది. కాగితం మీద "ఎస్ఓపీ (ఎందుకు చదవాలనుకుంటున్నానో చెప్పే వ్యాసం) ఇంకా బాగా రాస్తాను" ఒక్కటే మిగిలితే, నా ఓటు వచ్చిన సీటుకే. (జీఆర్ఈ స్కోరు 5 ఏళ్ళు చెల్లుతుంది గానీ, టోఫెల్‌కి 2 ఏళ్ళే. అదీ చూసుకోండి.)

సీటు తీసుకోవాలనిపిస్తే, డబ్బులు కట్టేముందు అక్కడ చదువుతున్న ఇద్దరికి మెయిల్ పెట్టండి. "డిపార్ట్‌మెంట్ బాగుంటుందా?" అని అడిగితే అందరూ బాగుంటుందనే అంటారు. "మీరిచ్చిన డ్రాఫ్ట్ గైడ్ దగ్గర్నుంచి ఎన్నాళ్ళకు తిరిగొస్తుంది? స్టైపెండ్ ఎన్నేళ్ళు ఖాయం?" అని అడగండి. "రెండు వారాలు" అన్న జవాబుకీ, "ఒక్కోసారి రాదు" అన్న జవాబుకీ చాలా తేడా ఉంది.

ఎటూ తేలకపోతే అడ్మిషన్ ఏడాది వాయిదా వేస్తారేమో కనుక్కోండి. కాకపోతే ఆ ఏడాది వేరేచోట అప్లై చేయకూడదని కొందరు షరతు పెడతారు. ఆ షరతు ఉందో లేదో మెయిల్‌లో రాయించుకున్నాకే సరే అనండి.