పేజీ తెరుచుకునే ముందు ఆ తడబాటు: చిన్న ఆఫీసులో డీఎన్ఎస్ ఆలస్యాన్ని పట్టుకోవడం ఎలా?

విజయవాడలో ఒక ఆడిటర్ గారి ఆఫీసు. పన్నెండు కంప్యూటర్లు, ఒక రౌటర్, ఒక ప్రింటర్. జీఎస్టీ రిటర్నుల గడువు ముంచుకొస్తున్న రోజుల్లో ఫోను చేసి నెట్ పాకుతోందన్నారు. అంతకు ముందు వారమే ప్లాను 100 ఎంబీపీఎస్ నుంచి 300కు పెంచుకున్నారట. వెళ్లి స్పీడ్ టెస్ట్ చేస్తే 300కు దగ్గరగానే వస్తోంది. కానీ ఏ సైటు పేరు కొట్టినా తెర కాసేపు తెల్లగా ఉండిపోతుంది, ఆ తర్వాత పేజీ మొత్తం ఒక్కసారిగా వచ్చి పడుతుంది. ఈ లక్షణం ఉంటే ప్లాను పెంచినా ఉపయోగం లేదు. చిక్కు పేరు వెతుకులాట దగ్గర ఉంది.

మనం టైపు చేసిన పేరుకు ఐపీ అడ్రసు, అంటే నెట్‌లో దాని అంకెల చిరునామా, ఏదో చెప్పేది డీఎన్ఎస్. 1983లో పాల్ మాకపెట్రిస్ రూపొందించిన ఏర్పాటు ఇది. ప్రశ్న చిన్నది, జవాబూ చిన్నదే. మామూలుగా కొన్ని పదుల మిల్లీసెకన్లలో తేలిపోతుంది. అలాంటి పనికి సెకన్లు పడుతున్నాయంటే, చాలాసార్లు జవాబు మెల్లగా వస్తోందని కాదు, అసలు పలకని సర్వర్ కోసం కంప్యూటరు కాచుకుని కూర్చుందని అర్థం. ఆ పలకని సర్వర్ ఏదో కనిపెట్టడమే మన పని.

ఆదేశాలను ఇక్కడ తెలుగు లిపిలో రాశాను. కమాండ్ ప్రాంప్ట్‌లో, అంటే విండోస్‌లో ఆదేశాలు టైపు చేసే కిటికీలో, మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి.

1. చిక్కు పేరుదేనని నిర్ధారించుకోండి

అవతలి కంప్యూటరు పలుకుతోందో లేదో చూసే ఆదేశం పింగ్. ముందు "పింగ్ 8.8.8.8" కొట్టండి, ఆ అంకెలు గూగుల్ డీఎన్ఎస్ సర్వర్‌వి. తర్వాత పింగ్ పక్కన ఏదైనా సైటు పేరు ఇవ్వండి, ఆ రోజు ఇంకా తెరవనిదైతే మంచిది. అంకెలతో అడిగినప్పుడు వెంటనే జవాబు వచ్చి, పేరుతో అడిగినప్పుడు మొదటి వరుస కనబడటానికే ఆలస్యమైతే అనుమానం నిజమే. రెండూ నెమ్మదిగా ఉంటే లైనునో వైఫైనో చూసుకోవాలి, ఈ వ్యాసంతో పని లేదు.

2. ఆలస్యం ఎన్ని సెకన్లో కొలవండి

చాలామంది దాటేసే మెట్టు ఇదే. నా దృష్టిలో సగం జవాబు ఇక్కడే ఉంది. ఆలస్యం ఒకసారి కొద్దిగా, ఇంకోసారి ఎక్కువగా, లెక్క లేకుండా ఉంటే సర్వర్ మీద భారమో, లైనులో ప్యాకెట్లు (డేటా ముక్కలు) దారిలో పోవడమో కారణం కావచ్చు. ప్రతిసారీ ఇంచుమించు ఒకే అంకె వస్తుంటే మాత్రం అది ఏదో ఒక ప్రోగ్రామ్‌లో రాసి పెట్టిన గడువు. విండోస్ మొదటి సర్వర్ కోసం సుమారు ఒక సెకను చూసి రెండోదాన్ని అడుగుతుంది. లైనక్స్‌లో పేర్లు వెతికే సాధారణ రిజాల్వర్ ఐదు సెకన్లు చూస్తుంది. ఆ ఆఫీసులో విండోస్ కంప్యూటర్లన్నీ ఒక సెకను తడబడుతుంటే, మూలనున్న ఒకే ఒక్క లైనక్స్ కంప్యూటరు కచ్చితంగా ఐదు సెకన్లు ఆగుతోంది. దాని దగ్గర కూర్చునే అమ్మాయి తన కంప్యూటరు పాతబడిపోయిందనుకుంటోంది. అన్నింటికీ ఉన్నది ఒకే రోగం.

ఒక సెకనే కదా అనిపించవచ్చు. ఇప్పటి వెబ్ పేజీ ఒకటి తెరిస్తే బొమ్మలకు, ఫాంట్లకు, ప్రకటనలకు పది పదిహేను వేర్వేరు పేర్లను వెతకాల్సి వస్తుంది. పైగా పలికిన సర్వర్‌ను విండోస్ కొంతసేపు గుర్తుంచుకుని ముందు దాన్నే అడుగుతుంది. అందుకే కాసేపు బాగుండి మళ్లీ మొదలవుతుంది. "మీరు వచ్చినప్పుడు మాత్రం బాగానే ఉంటుందండీ" అనే మాట వెనక ఉన్న రహస్యం ఇదే.

3. కంప్యూటరు ఎవరిని అడుగుతోందో చూడండి

"ఐపీకాన్ఫిగ్ /ఆల్" కొట్టి డీఎన్ఎస్ సర్వర్స్ అనే వరుస దగ్గర ఆగండి. అక్కడున్న అడ్రసులన్నీ కాగితం మీద రాసుకోండి. మా కేసులో మొదట 192.168.1.10, తర్వాత 192.168.1.1 ఉన్నాయి. రెండోది రౌటర్. మొదటిది ఏమిటని అడిగితే ఎవరూ చెప్పలేకపోయారు.

4. ఒక్కోదాన్ని విడివిడిగా అడగండి

"ఎన్ఎస్‌లుకప్" అని కొట్టి, ఖాళీ వదిలి సైటు పేరు, మళ్లీ ఖాళీ వదిలి సర్వర్ అడ్రసు ఇవ్వండి. రాసుకున్న ప్రతి అడ్రసుకూ ఇలాగే చేయండి. ఈ ఆదేశం విండోస్ దాచుకున్న పాత జవాబులను చూడదు, నేరుగా సర్వర్‌నే అడుగుతుంది. సైటు పేరు చివర ఒక చుక్క పెట్టడం మరవకండి. లేకపోతే ఆఫీసు డొమైన్ పేరును కూడా తగిలించి వెతికి, లేని ఆలస్యాన్ని చూపించవచ్చు.

జవాబు పైన సర్వర్ పేరు దగ్గర "అన్నోన్" అని కనబడితే కంగారు పడకండి. ఆ సర్వర్ అడ్రసుకు తిరుగు పేరు (అంకెలను బట్టి పేరు చెప్పే నమోదు) లేదని మాత్రమే దాని అర్థం. కింద జవాబు వచ్చిందా లేదా అన్నదే ముఖ్యం. 192.168.1.10ని అడిగితే రెండేసి సెకన్ల గడువు దాటిందన్న వరుసలే వచ్చాయి, జవాబు రాలేదు. అప్పుడు పెద్ద గుమాస్తా గారికి గుర్తొచ్చింది: ఏడాది కిందట తీసేసిన పాత సర్వర్ నంబరు అది. పెట్టె అటక మీద ఉంది, అడ్రసు మాత్రం రౌటర్‌లో అలాగే ఉండిపోయింది.

5. మూలంలో సరిచేయండి

ఒక్కో కంప్యూటరులో 8.8.8.8 రాసి చేతులు దులుపుకునేవారున్నారు. నాకది నచ్చదు. రేపు కొత్త కంప్యూటరు వస్తే అదే గొడవ. రౌటర్ పేజీలోకి వెళ్లి, కంప్యూటర్లకు అడ్రసులు పంచే డీహెచ్‌సీపీ విభాగంలో చచ్చిన అడ్రసు తీసేయండి. దాని స్థానంలో రౌటర్‌నే ఉంచవచ్చు, లేదా మీ నెట్ కంపెనీ సర్వర్‌నో 1.1.1.1, 9.9.9.9 లాంటి అందరికీ తెరిచి ఉన్న డీఎన్ఎస్ సర్వర్లనో ఇవ్వవచ్చు. ఏది వేగమో మీ ఆఫీసు నుంచే అడిగి చూసి తేల్చుకోండి. తర్వాత ప్రతి కంప్యూటరులో "ఐపీకాన్ఫిగ్ /రెన్యూ", "ఐపీకాన్ఫిగ్ /ఫ్లష్‌డీఎన్ఎస్" కొట్టండి, లేదా ఒకసారి రీస్టార్ట్ చేయండి.

ఆఫీసులో యాక్టివ్ డైరెక్టరీ సర్వర్ (అందరి లాగిన్‌లను ఒకేచోట చూసుకునే విండోస్ సర్వర్) ఉంటే మాత్రం కంప్యూటర్లకు బయటి అడ్రసు రెండోదిగా కూడా ఇవ్వకూడదు. ఆఫీసులోని పేర్లు బయటి సర్వర్‌కు తెలియవు. అది "లేదు" అని చెబితే కంప్యూటరు అదే తుది జవాబుగా తీసుకుంటుంది, లాగిన్‌లు తడబడతాయి. బయటి అడ్రసులను ఆ సర్వర్‌లోనే ఫార్వార్డర్లుగా, అంటే తనకు తెలియని పేర్లను అది అడిగే సర్వర్లుగా, పెట్టాలి. ఉన్న ఫార్వార్డర్లు పలుకుతున్నాయో లేదో నాలుగో మెట్టులోలాగే చూడాలి.

6. అప్పటికీ తగ్గకపోతే

డీఎన్ఎస్ వరుసలో కోలన్లతో పొడుగ్గా ఉండే ఐపీవీ6 (కొత్త తరం ఐపీ) అడ్రసు ఉందేమో చూడండి. విండోస్ సాధారణంగా దాన్నే ముందు అడుగుతుంది. అది పలకకపోతే మళ్లీ అదే కథ. రౌటర్‌లో దాన్ని సరిచేయాలి, కుదరకపోతే రౌటర్ ఆ అడ్రసును కంప్యూటర్లకు చెప్పకుండా ఆపేయాలి.

కొన్ని పేర్లు మాత్రమే మొరాయిస్తుంటే ఫైర్‌వాల్ (నెట్ రాకపోకలను వడపోసే కాపలా) చూడండి. డేటా పంపే పద్ధతులు రెండున్నాయి, యూడీపీ, టీసీపీ. డీఎన్ఎస్ ప్రశ్నలు ఎక్కువగా యూడీపీ 53వ పోర్టులో (ద్వారంలో) వెళ్తాయి, జవాబు పెద్దదైతే టీసీపీ 53 కావాలి. మొదటిది తెరిచి రెండోది మూసేసిన ఫైర్‌వాల్‌లు ఇప్పటికీ ఎదురవుతుంటాయి.

ఇక చేత్తో అడ్రసు ఇచ్చిన పరికరాలు. రౌటర్‌లో మార్పు వీటికి చేరదు. ఆ ఆఫీసులో అన్నీ చక్కబడ్డాయని టీ తాగి బయల్దేరాను. సాయంత్రం ప్రింటర్ నుంచి స్కాన్ చేసిన కాగితాలు మెయిలుకు వెళ్లడం లేదని ఫోను వచ్చింది. దాని మెనూలోకి వెళ్లి చూడమన్నాను. ఉన్నది ఒకే ఒక్క డీఎన్ఎస్ అడ్రసు: 192.168.1.10. ఏడాదిగా ఆ పని ఎవరూ చేసి చూడలేదన్నమాట.