అరసవల్లి వెళ్ళినప్పుడు శాలిహుండం కూడా చూసి రావడం ఎలా

ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం ప్రాంతాల తెలుగువారు ఏడాదికి ఒక్కసారైనా అరసవల్లి సూర్యనారాయణస్వామి దర్శనానికి వెళ్ళి వస్తూనే ఉంటారు. ఆ ప్రయాణానికి మరొక పూట చేర్చుకోగలిగితే, మన ఊళ్ళ పక్కగా పారే వంశధార సముద్రంలో కలవబోయే ముందు, దాని దక్షిణపు ఒడ్డున ఉన్న శాలిహుండం కొండమీది బౌద్ధ చైత్యాలనూ స్తూపాలనూ కూడా చూడవచ్చు. 1919లో ఈ శిథిలాలను వెలుగులోకి తెచ్చినది మన పర్లాకిమిడిలో బడిపంతులుగా పనిచేసిన గిడుగు రామమూర్తి పంతులుగారే. శ్రీముఖలింగం శాసనాలను చదవడానికి పాత లిపులను స్వయంగా నేర్చుకున్న మనిషికి ఈ కొండ కంటపడడంలో వింత లేదు. వాడుక భాష కోసం పోరాడిన ఆయన గురించి నేను ఇంత బిగుసుకుపోయి రాస్తున్నందుకు మాత్రం ఆయన మన్నించాలి.

పర్లాకిమిడి నుండి పాతపట్నం, నరసన్నపేటల మీదుగా బస్సులో శ్రీకాకుళం చేరుకోవచ్చు. రైలులో వచ్చేవారు ఆమదాలవలసలో ఉన్న శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో దిగాలి. శ్రీకాకుళం నుండి శాలిహుండం సుమారు 18 కిలోమీటర్లు. తిరుగు ప్రయాణానికి వాహనం కోసం ఎదురుచూడకుండా, రానుపోను ఆటో మాట్లాడుకుని, కొండ దగ్గర ఎంతసేపు ఆగాలో ముందే చెప్పడం మేలు. ఆదివారం అరసవల్లిలో రద్దీ ఎక్కువ. శాలిహుండంలో మ్యూజియం కూడా ఉంది; పురావస్తు శాఖ మ్యూజియాలకు సాధారణంగా శుక్రవారం సెలవు. అందుచేత ఈ రెండు రోజులూ వదిలి మరొక రోజు పెట్టుకోండి.

కార్తికం నుండి మాఘం వరకు అనువైన కాలం. మొదటిసారి నేను వైశాఖంలో, అరసవల్లిలో దర్శనం ముగించుకుని మిట్టమధ్యాహ్నం మెట్లెక్కాను. చేతిలోని నీళ్ళసీసా సగం దారిలోనే ఖాళీ అయింది. పైకి చేరాక ఇటుకల వేడి చెప్పుల్లోంచి తగిలింది. ఆ తర్వాత ఎప్పుడు వెళ్ళినా ముందు శాలిహుండం, ఆపైన అరసవల్లి అన్న వరుసనే పాటిస్తున్నాను.

కొండమీద గోపురాలూ మండపాలూ ఉంటాయనుకుని వెళ్ళినవారు నిరాశపడతారు. క్రీస్తుపూర్వం 2వ శతాబ్దం నుండి క్రీస్తుశకం 12వ శతాబ్దం దాకా బౌద్ధానికి నెలవైన ఈ చోట నేడు మిగిలినవి చాలావరకు పునాదులూ, అరకొర ఎత్తు గోడలూ మాత్రమే. కాబట్టి చూపు పైకి కాక నేలమీద నిలపాలి. గుండ్రంగా కనిపించేది స్తూపం. ఒక చివర తిన్నగా, మరొక చివర అర్ధచంద్రంలా వంపు తిరిగి ఉండేది చైత్యగృహం, అంటే భిక్షువులు కూడి పూజ చేసుకున్న గుడి. తిన్నని వైపు, ద్వారం ఉండిన చోట నిలబడి లోపలికి చూడండి: ఆరాధించే స్తూపం వంపు దగ్గర ఉండేదనీ, దాని చుట్టూ ప్రదక్షిణ చేయడానికే గోడను అలా వంచారనీ అప్పుడు తెలుస్తుంది. ఒక ఇటుక పక్కన జానెడు చెయ్యి పెట్టి కొలిస్తే, అది నేటి ఇటుక కంటే ఎంత పెద్దదో అర్థమవుతుంది. స్తూపాన్ని చుట్టదలచినవారు మన గుళ్ళలో మాదిరిగానే కుడిచేతివైపు ఉంచుకుని నడవాలి. గోడలమీద కూర్చోవడం, ఫొటోల కోసం స్తూపం మీదికెక్కడం, ఊడిన ఇటుకముక్కను జ్ఞాపకంగా తెచ్చుకోవడం ఎంతమాత్రమూ తగదు.

మ్యూజియంలోని శిల్పాలకు కనీసం అరగంట ఉంచుకోండి. స్తూపానికి మొక్కిన బౌద్ధం ఆ తర్వాతి శతాబ్దాల్లో విగ్రహారాధన వైపు, తాంత్రికం వైపు ఎలా సాగిందో అవి చూపుతాయి. చేతిలో కలువ పట్టిన దేవత తార. మూడు ముఖాల్లో ఒకటి పంది ముఖమైతే ఆమె మారీచి, ఉషఃకాంతికి అధిదేవత. సూర్యుని రథానికి ఏడు గుర్రాలైతే, బౌద్ధ శిల్పశాస్త్రం ఈమె రథానికి ఏడు పందులను కట్టింది. అదే రోజు అరసవల్లి చేరి ఆదిత్యుని ముందు నిలబడే మనవాళ్ళకు ఈ పోలిక ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు.

దిగే ముందు తూర్పువైపు కాసేపు నిలబడండి. పర్లాకిమిడి వైపు నుండి వచ్చిన వంశధార కళింగపట్నం దగ్గర సముద్రంలో కలవబోతూ కనిపిస్తుంది.