ఫొటోలో దూరమంతా తెల్లబోతోందా? లోపం లెన్స్‌ది కాకపోవచ్చు

డిసెంబరు ఉదయం గోల్కొండ కోట శిఖరాన ఉన్న బాలాహిసార్ ఎక్కి చార్మినార్ వైపు కెమెరా పెడితే, సుమారు 8 కిలోమీటర్ల అవతలి ఊరంతా మజ్జిగలో ముంచి తీసినట్టు వస్తుంది. ముందు లెన్స్ తుడిచి చూడండి. తేడా లేకపోతే లోపం గాలిలో ఉన్నట్టే.

సమస్య: దూరంగా ఉన్నవన్నీ పాలిపోతున్నాయి

కారణం: చలికాలం రాత్రుళ్లు నేల దగ్గరి గాలి చల్లబడి, పైన వెచ్చని గాలి మూతలా కూర్చుంటుంది. బండ్ల పొగ, చెత్త కాల్చిన పొగ, దుమ్ము ఆ మూత కిందే ఉండిపోతాయి. తెల్లవారుజామున తేమ పట్టి ఆ రేణువులు ఉబ్బుతాయి. 2.5 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) లోపు సన్నటివి వెలుతురును బాగా చెదరగొడతాయి, అదీ ఎక్కువగా ముందువైపుకే. అందుకే సూర్యుడికి ఎదురుగా తీస్తే మసక మరీ ఎక్కువ.

పరిష్కారం: దిక్కు మార్చండి. ఉదయం తూర్పున ఉన్న ఊరిని వదిలేసి ఉత్తరానికి తిరగండి. కుతుబ్ షాహీ సమాధులు కిలోమీటరున్నర లోపే కాబట్టి మధ్యలో గాలి తక్కువ, గుమ్మటాల గుండ్రదనం నిలుస్తుంది. ఊరిని సాయంత్రం తీయండి. అప్పుడు సూర్యుడు మీ వీపు వెనక ఉంటాడు, పగటి వేడికి ఆ మూత కూడా చాలావరకు విడిపోయి ఉంటుంది. వాన వెలిసిన మర్నాడైతే నేను వేరే పని పెట్టుకోను.

సమస్య: జూమ్ చేస్తే ఇంకా పాడవుతోంది

జూమ్ బొమ్మను పెద్దది చేస్తుంది, మధ్యలో ఉన్న గాలిని తగ్గించదు. దగ్గరికి నడవాల్సిందే.

సమస్య: పోలరైజర్ పెట్టినా ఫలితం లేదు

పోలరైజర్ అంటే లెన్స్ ముందు బిగించి, చెదిరిన వెలుతురును కొంత కోసేసే ఫిల్టర్. సూర్యుడికి 90 డిగ్రీల పక్కకు తిరిగితేనే అది బాగా పనిచేస్తుంది. సాయంత్రం సమాధుల వైపు నిలబడితే సూర్యుడు ఎడమ చేతి వైపు ఉంటాడు, అప్పుడు వాడండి. దట్టమైన మసకలో వెలుతురు పదేపదే చెదురుతుంది కాబట్టి దానికి పట్టు దొరకదు. ఊరికే వెలుతురు తినేస్తుంది, తీసేయండి.

సమస్య: ఎడిటింగ్‌లో డీహేజ్ (మసక తగ్గించే మీట) లాగితే ఆకాశం మురికిగా, గుమ్మటం అంచున తెల్లటి గీత

కెమెరా దిద్దని మూల ఫైల్ అయిన రా ఫైల్‌లో తీసి, దూరపు భాగాన్నే ఎంచుకుని మాస్క్ వేసి కొద్దికొద్దిగా పెంచండి.

సమస్య: సూర్యాస్తమయంలో ఎరుపే లేదు

సూర్యుడు అంచుకు దిగకముందే బూడిద పట్టీలో కలిసిపోతాడు. అరగంట ముందే సిద్ధంగా ఉండండి. ఆటో వైట్ బ్యాలెన్స్ (రంగులను కెమెరాయే సరిచేసే అమరిక) ఉన్న ఎరుపును కూడా చల్లార్చేస్తుంది, డేలైట్‌కు మార్చండి.

సమస్య: భోగి మంట దగ్గర ముఖాలు నల్లగా వస్తున్నాయి

ఇక్కడ మాత్రం పొగ మనకు చుట్టమే. మంట దగ్గరున్నవాళ్ల వెనక నుంచి నీరెండ పడేలా నిలబడి, రెండు మూడు మీటర్ల దూరం నుంచే తీస్తే వెలుగు చారలు చారలుగా కనిపిస్తుంది. ఎదురెండకు మోసపోయి కెమెరా ముఖాలను నల్లగా చేస్తుంది, ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ పెంచండి, అంటే వెలుతురు రెట్టింపు చేయండి. పొగ పిల్లల మీదికో, ఆయాసం ఉన్నవాళ్ల మీదికో తిరిగితే ఫొటో వదిలేసి ముందు వాళ్లను పక్కకు జరపండి.