డైట్ మొదలుపెట్టినాక వెయిట్ తగ్గాల్సింది పోయి పెరిగిందా? సమస్య - పరిష్కారం

సమస్య ఇది. డైట్ మొదలుపెట్టి వారం కూడా కాలేదు, రాత్రిపూట అన్నం మానేశారు, పొద్దున్నే వాకింగో జిమ్మో మెట్లో ఏదో ఒకటి చేస్తా ఉన్నారు, అయినా మిషన్ ఎక్కితే కిలో, కిలోన్నర ఎక్కువ చూపిస్తా ఉంది. దాంతో "నా ఒంటికి డైట్ పడదు" అని ఆపేస్తారు. ఆపొద్దు, ముందు ఇది చదవండి.

మొట్టమొదట ఎప్పుడు, ఎట్లా చూసుకున్నారో చెప్పండి. ఇది ఎన్నిసార్లు చెప్పినా జనం దాటేసి నేరుగా థైరాయిడ్ టెస్టుకి పోతారు, నాకు నిజంగా బాధేస్తుంది. నిన్న పొద్దున పరగడుపున చూసి, ఈరోజు సాయంత్రం టిఫిన్ తిని, జీన్స్ ప్యాంటుతో ఇంకో చోట ఇంకో మిషన్ ఎక్కితే ఆ రెండు అంకెలకీ పోలికే లేదు. అర లీటర్ నీళ్ళు తాగితేనే అర కిలో పెరుగుతుంది కదా. పొద్దున లేచి, మోషన్‌కి పోయొచ్చి, ఏమీ తాగకముందు, పలచటి బట్టలతో, అదే మిషన్ మీద చూడాలి. మిషన్ గట్టి బండల మీద ఉండాలి, పట్టా మీదో చాప మీదో కాదు.

అట్లా చూసినా పెరిగిందా? అప్పుడు ఒక లెక్క గుర్తుపెట్టుకోండి. ఒంట్లో కిలో కొవ్వు అంటే సుమారు 7,700 క్యాలరీలు. కిలోన్నర కొవ్వు పెరగాలంటే మీ ఒంటికి కావాల్సిన తిండి కాకుండా దానిపైన ఇంకో 11,500 క్యాలరీలు తినుండాలి, రెండ్రోజుల్లో అది అయ్యే పని కాదు. కాబట్టి పెరిగింది కొవ్వు కాదు, దాదాపు ఎప్పుడూ నీళ్ళే.

ఆ నీళ్ళు ఎక్కడివి అనేదే అసలు విషయం, మన తిరుపతిలో డైట్ ఆపేసే వాళ్ళలో చాలామందిని దెబ్బకొట్టేది ఇదే. మన దగ్గర వెయిట్ తగ్గాలనుకుంటే అందరికీ ముందు గుర్తొచ్చేది అలిపిరి మెట్లు. మొత్తం 3,550 మెట్లు, కొండపైదాకా పోకపోయినా గాలిగోపురం దాకా ఎక్కి దిగొచ్చేవాళ్ళు రోజూ కనిపిస్తారు. అలవాటు లేని మనిషి మొదటిరోజే ఉత్సాహంగా ఎక్కి దిగేస్తాడు, ఆరోజు బాగానే ఉంటుంది. మరుసటి రోజు తొడలు, పిక్కలు పట్టేసి కూర్చుంటే లేవలేడు, లేస్తే కూర్చోలేడు, అదే రోజు మిషన్ ఎక్కితే వెయిట్ పెరిగుంటుంది. రెండూ ఒకే కారణంతో వచ్చినాయని ఎవరికీ తట్టదు.

అలవాటు లేని పని చేస్తే కండరాల్లో సన్నసన్నగా చిరుగుతుంది, దాన్ని బాగుచేసుకోడానికి ఒళ్ళు అక్కడికి నీళ్ళు చేరుస్తుంది, లోపల కొంచెం వాపు. అందులోనూ ఎక్కేటప్పటికంటే దిగేటప్పుడే ఎక్కువ. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది కాబట్టి అదే కష్టం అనుకుంటాం, కానీ దిగేటప్పుడు తొడ కండరం ఒకపక్క సాగుతానే ఇంకోపక్క ఒంటి బరువంతా ఆపాల, చిరిగేది అప్పుడే. నొప్పి ఒకటి నుంచి మూడు రోజుల మధ్య బాగా ముదురుతుంది, ఆ తర్వాత నెమ్మదిగా దిగిపోతుంది, నీళ్ళూ దాంతోపాటే. జిమ్‌లో మొదటిసారి స్క్వాట్స్, లంజెస్ చేసినోళ్ళకీ ఇదే కథ. పైగా మెట్ల దారిలో ఉప్పూకారం చల్లిన మామిడికాయ ముక్కలు, ఇంటికొచ్చి ఊరగాయతో సంగటి, ఆ ఉప్పు ఇంకొంచెం నీటిని పట్టుకుంటుంది.

ఏం చేయాలంటే, నొప్పి ఉన్న రోజుల్లో మిషన్ ఎక్కినా ఆ అంకెని పట్టించుకోవద్దు. కొండపైదాకా ఎక్కితే మొదట్లో దిగడం బస్సులో దిగండి. గాలిగోపురం బ్యాచ్ అయితే మొదటి వారం సగం దాకానే పోయి వెనక్కి రండి, తర్వాత కొంచెం కొంచెం పెంచండి. అదే పని రెండోసారి, మూడోసారి చేసేసరికి కండరం అలవాటు పడి నొప్పి, వాపు రెండూ బాగా తగ్గుతాయి. నీళ్ళు తాగడం మాత్రం తగ్గించొద్దు. వెయిట్ రోజూ రాసుకుని వారం సరాసరి తీయండి, ఈ వారం సరాసరిని పోయిన వారం సరాసరితోనే పోల్చండి. బొడ్డు దగ్గర నడుము కొలత టేపుతో తీసుకోండి, మిషన్ కదలకపోయినా చాలాసార్లు అది తగ్గుతుంది.

దీనికి తిరగేసిన సమస్య ఇంకోటి ఉంది. అన్నం పూర్తిగా మానేసి మొదటి వారంలో రెండు కిలోలు తగ్గినారు, ఆదివారం ఒక్కపూట బిర్యానీ తింటే సగం వెనక్కొచ్చింది. అన్నంలోని పిండిపదార్థాన్ని ఒళ్ళు గ్లైకోజెన్‌ అనే రూపంలో దాచుకుంటుంది, ప్రతి గ్రాముతో దాదాపు మూడు గ్రాముల నీళ్ళు. అన్నం మానేస్తే ఆ నీళ్ళు పోతాయి, తింటే వస్తాయి. మొదటి వారం తగ్గుదల చూసి సంబరపడొద్దు, ఆదివారం పెరుగుదల చూసి ఏడవొద్దు.

మిగతావి గబగబా. పీరియడ్స్ ముందు వెయిట్ పెరగడం మామూలే అక్కా, పోయిన నెల అదే రోజులతో పోల్చుకోండి. మోషన్ సరిగా కాకపోయినా పెరుగుతుంది. క్రియాటిన్ (జిమ్‌కి పోయేవాళ్ళు తీసుకునే సప్లిమెంట్) మొదలుపెట్టుంటే అదీ నీళ్ళే. థైరాయిడ్ వల్ల రాత్రికి రాత్రే రెండు కిలోలు రాదు, అనుమానముంటే టెస్ట్ చేయించుకోండి కానీ మొదటి వారమే దానిమీద తోసేయొద్దు.

కాళ్ళు ఉబ్బి, ఆయాసంతో వెయిట్ పెరుగుతా ఉంటే, లేదా మెట్లెక్కినాక విపరీతమైన నొప్పితో మూత్రం కాఫీ రంగులో వస్తా ఉంటే ఆగొద్దు, వెంటనే డాక్టర్ దగ్గరికి పోండి.

నెల దాటినా సరాసరీ నడుమూ రెండూ కదల్లేదంటే అప్పుడు నీళ్ళ మీద చెప్పడానికి లేదు, తిండే ఎక్కువవుతా ఉంది. ముందు చెనిక్కాయలు చూడండి, వంద గ్రాముల్లో 560 క్యాలరీల పైనే ఉంటాయి, ఊరిబిండిలో పడేదీ సాయంత్రం చేత్తో తినేదీ రెండూ తూకం వేయండి. ఆ తర్వాత కూరలో పోసే నూనెని బాటిల్‌తో వంచకుండా స్పూన్‌తో కొలిచి ఇంకో రెండు వారాలు చూడండి.