పాదం తిప్పండి, నడుము కాదు: వార్డు పోస్టింగ్‌కి వెళ్లే పిల్లలకు

పోయిన నెల మా దగ్గర నర్సింగ్ చదివే రెండో ఏడాది అమ్మాయి ఒకామె ఆర్థో (ఎముకల) వార్డులో పేషెంట్‌ని మంచం మీంచి వీల్‌చైర్‌లోకి మారుస్తూ, ఆయన్ని కూర్చోబెట్టి, తను లేవలేక అక్కడే నేల మీద కూలబడిపోయింది. ఎమ్మారై తీస్తే నడుము కింది భాగంలో, ఎల్4-ఎల్5 వెన్నుపూసల మధ్య మెత్తగా ఉండే డిస్క్ జారిందన్నారు. 19 ఏళ్ల పిల్ల. ఇప్పుడు చెప్పులు తొడగాలన్నా వాళ్లమ్మ వంగాల్సి వస్తోంది.

పేషెంట్ ఏమైనా భారీ మనిషా అంటే కాదు, బక్కపలచని తాత. అంత సన్నటి మనిషిని ఎత్తితే నడుమెలా పోయిందని అందరూ అడిగారు. ఎత్తితే పోలేదమ్మా, తిప్పితే పోయింది. పాదాలు మంచం వైపే పాతేసినట్టు ఉన్నాయి, కుర్చీ పక్కకుంది, మనిషి చేతుల్లో ఉండగా నడుము ఒక్కటే కుర్చీ వైపు తిరిగింది.

వీపు నిటారుగా, మోకాళ్లు వంచి అన్న పాఠం మీకు వచ్చు, అది నేను మళ్లీ చెప్పను. మోకాళ్లు చక్కగా వంచినవాళ్లు కూడా చివర్లో ఈ తప్పే చేస్తారు. డిస్క్ చుట్టూ ఉండే పొరల్లో నారలు ఒక పొరలో అటు, ఇంకో పొరలో ఇటు ఏటవాలుగా ఉంటాయి. నడుము మెలి తిరిగినప్పుడు వాటిలో సగమే బిగుసుకుని ఆపుతాయి, మిగతా సగం వదులవుతాయి. దానికి తోడు ముందుకు వంగి ఉండి, చేతుల్లో బరువు ఉంటే తడిబట్ట పిండినట్టే.

కాబట్టి ఎత్తకముందే ఒక పాదం కుర్చీ వైపు పెట్టండి. లేపాక చిన్న చిన్న అడుగులేస్తూ మనిషి మొత్తం తిరగండి. బొడ్డు ఎటుంటే కాలి బొటనవేళ్లు అటే ఉండాలి, మీరు ఇదొక్కటి గుర్తుంచుకుంటే నాకు చాలు. స్కిల్ ల్యాబ్‌లో డమ్మీతో బాగానే చేస్తారు, కానీ డమ్మీ భయపడి మీ మెడ పట్టుకోదు కదా.

ఇక బరువు సంగతి. అమెరికాలో పనిచేసేవాళ్ల భద్రత, ఆరోగ్యం మీద పరిశోధన చేసే నయోష్ (NIOSH) సంస్థకు చెందిన థామస్ వాటర్స్ 2007లో వేసిన లెక్క ప్రకారం, అన్నీ అనుకూలంగా ఉన్నా పేషెంట్‌ని చేతులతో ఎత్తేటప్పుడు ఒక మనిషి మీద పడే బరువు 35 పౌండ్లు, అంటే సుమారు 16 కిలోలు దాటకూడదు. 60 కిలోల మనిషి ఒక కాలే దాదాపు 10 కిలోలుంటుంది. రెండు కాళ్లు కలిపి ఎత్తితేనే పరిమితి దాటేశారు. అందుకే ఒక్కరే ఎత్తడానికి పోవద్దు. మన జనరల్ వార్డుల్లో హాయిస్ట్ (పేషెంట్‌ని ఎత్తే యంత్రం) కనబడటం అరుదు, ఎత్తు మారని ఇనుప మంచాలే ఎక్కువ. అలాంటి మంచం మీద పేషెంట్‌ని జరపాలంటే ఒక మోకాలు మంచం మీద ఆనించి దగ్గరకు వెళ్లండి, దూరం నుంచి వంగి లాగొద్దు. పైకి జరపడానికి డ్రా షీట్ (పేషెంట్ నడుము కింద అడ్డంగా పరిచే దుప్పటి) వాడండి. దాని అంచులు పేషెంట్ ఒంటి దగ్గరదాకా చుట్టి పట్టుకోవాలి. చంకల్లో చేతులు పెట్టి ఈడిస్తే భుజం దెబ్బతింటుంది, పిరుదుల దగ్గర చర్మం రాసుకుపోయి బెడ్ సోర్ మొదలవుతుంది.

మిగతావి వరసగా చెప్తాను, వినండి.

స్ట్రెచర్ బ్రేకు, మంచం బ్రేకు రెండూ కాలితో తొక్కి చూడండి, పడిందనుకోవద్దు. వీల్‌చైర్ ఫుట్‌రెస్టులు ముందే పైకి మడవండి. పక్షవాతం పేషెంటైతే కుర్చీ బాగున్న వైపు పెట్టాలి, పడిపోయిన చేతిని పట్టుకుని లాగారో, భుజం కీలు జారుతుంది. పడుకున్న మనిషిని ఒక్కసారి నిలబెట్టొద్దు, మంచం అంచున కాళ్లు వేలాడేసి ఒకటి రెండు నిమిషాలు కూర్చోబెట్టండి, కళ్లు తిరుగుతున్నాయా అని అడగండి. వెన్నెముక దెబ్బ అనుమానం ఉంటే నలుగురు లేకుండా ముట్టుకోవద్దు, తల పట్టుకున్నవాళ్లే లెక్క చెప్పాలి. ఆ లెక్క కూడా ‘మూడు’ అనగానేనా, మూడు తర్వాతా అని ముందే అనుకోండి, ఒకరు ముందు ఒకరు వెనక లాగితే మధ్యలో నలిగేది పేషెంటే. యూరోబ్యాగ్ (మూత్రం సంచి), సెలైన్ స్టాండ్ చూసుకున్నాకే కదపండి. గాజులు, వాచీ తీసేయండి. చున్నీకి పిన్ను. స్లిప్పర్లు వద్దు. మెడ పట్టుకోనివ్వొద్దు, ఎంత ముసలమ్మైనా సరే, ‘అమ్మా, చేతులు నా నడుము మీద పెట్టు’ అనండి. పేషెంట్ తాలూకు వాళ్లు ఉత్సాహంగా చెయ్యేస్తామంటారు, ఏం చెయ్యాలో చెప్పకుండా వెయ్యనివ్వొద్దు. పడిపోతున్న పేషెంట్‌ని గాల్లో ఆపాలని చూడొద్దు, దగ్గరకు తీసుకుని మీ కాలు మీదుగా నేల మీదకు జారనివ్వండి, తల కాపాడండి. ఘోరంగా అనిపిస్తుంది గానీ అదే సరైనది.

పాదం తిప్పండి. నడుము కాదు. రాత్రి డ్యూటీలో, తొందరలో, డాక్టర్ రౌండ్స్‌కి వచ్చేస్తున్నారని టెన్షన్‌లో ఉన్నప్పుడు కూడా పాదమే.

నడుములో చురుక్కుమంటే పని ఆపి అదే రోజు ఇన్‌ఛార్జ్ సిస్టర్‌కి చెప్పండి. ఆ అమ్మాయికి అంతకు వారం ముందే నొప్పి మొదలైందట, హాజరు తగ్గుతుందని దాచింది. లాగ్‌బుక్‌లో సంతకం ఆపుతామని ఎవరైనా అంటే నా దగ్గరకు రండి, నేను మాట్లాడతాను.