ప్యానెల్ ఉంది, పాఠం నడవట్లేదు: టీచర్లకు సమస్య - పరిష్కారం

"ఆ టీచర్‌కు టెక్నాలజీ రాదండీ" అని స్కూళ్లలో చాలా తేలిగ్గా అనేస్తారు. గదిలోకి వెళ్లి చూస్తే చాలాసార్లు లోపం కేబుల్‌లోనో, పెన్ డ్రైవ్‌లోనో, కిటికీలోంచి పడే ఎండలోనో ఉంటుంది. ఏళ్ల తరబడి సుద్దముక్కతో చక్కగా పాఠం చెప్పిన మనిషి, నలభై మంది పిల్లల ముందు తెర వెలగక నిలబడిపోతే ఎంత చిన్నతనంగా ఉంటుందో ఆలోచించండి. అలా రెండుసార్లు జరిగితే ఇక దాని జోలికి వెళ్లరు. కాబట్టి మనిషిని అనేముందు కారణం వెతకాలి.

ఆంధ్రప్రదేశ్‌లో నాడు-నేడు కింద హైస్కూళ్లకు ఇంటరాక్టివ్ ఫ్లాట్ ప్యానెళ్లు (వేలితో తాకి నడిపే పెద్ద తెరలు), ప్రాథమిక పాఠశాలలకు స్మార్ట్ టీవీలు వచ్చాయి. తెలంగాణలో మన ఊరు - మన బడి కింద హైస్కూళ్లలో డిజిటల్ తరగతి గదులు పెట్టారు. ఇక్కడ రాసినవన్నీ వాటి దగ్గర తరచుగా ఎదురయ్యే ఇబ్బందులే. టీచర్లు స్వయంగా చూసుకోవచ్చు. స్టాఫ్‌లో కాస్త అలవాటున్న వాళ్లు తోటివారికి సాయం చేసేటప్పుడూ దగ్గర పెట్టుకోవచ్చు.

ల్యాప్‌టాప్ కలిపినా తెర మీద "నో సిగ్నల్"

ప్యానెల్‌కు సాధారణంగా ఒకటి కంటే ఎక్కువ హెచ్‌డీఎంఐ పోర్టులు (ల్యాప్‌టాప్ నుంచి బొమ్మ తెచ్చే కేబుల్ గుచ్చే చోట్లు) ఉంటాయి. కేబుల్ రెండో దానిలో ఉండి, తెర మీద మొదటిది ఎంచుకుని ఉంటే బొమ్మ రాదు. పోర్టు పక్కన రాసిన అంకె చూసి, రిమోట్‌లో సోర్స్ లేదా ఇన్‌పుట్ నొక్కి అదే అంకెకు మార్చండి. అప్పటికీ రాకపోతే ల్యాప్‌టాప్‌లో విండోస్ కీ పట్టుకుని పి నొక్కి, "డూప్లికేట్" ఎంచుకోండి. "ఎక్స్‌టెండ్"లో ఉంటే ప్యానెల్ మీద ఖాళీ వాల్‌పేపర్ కనిపిస్తుంది, పాఠం మాత్రం ల్యాప్‌టాప్‌లోనే ఉండిపోతుంది. రెండూ సరిగ్గానే ఉంటే కేబుల్ మార్చి చూడండి. గట్టిగా చుట్టి బీరువాలో కుక్కిన కేబుళ్లు కొస దగ్గర పాడవుతుంటాయి.

బొమ్మ వచ్చింది, తెర మీద వేలు పెడితే ల్యాప్‌టాప్ పలకదు

చాలామంది ప్యానెల్ పాడైందని కంప్లయింట్ రాసేది దీనికే. హెచ్‌డీఎంఐ బొమ్మనూ శబ్దాన్నీ మాత్రమే మోస్తుంది, వేలి కదలికను ల్యాప్‌టాప్‌కు చేర్చదు. దానికి "టచ్" అని రాసి ఉన్న పోర్టు నుంచి ల్యాప్‌టాప్ యూఎస్‌బీకి ఇంకో కేబుల్ వేయాలి. ప్యానెల్ వైపు ఆ పోర్టు సాధారణంగా ప్రింటర్‌కు ఉండే చదరపు ఆకారంలో ఉంటుంది. కేబుల్ ప్యానెల్‌తో పాటే వచ్చి ఉంటుంది. అట్టపెట్టెను స్టోర్ రూములో పడేసి ఉంటే ఒకసారి దానిలో వెతకండి.

తాకకపోయినా గీతలు పడుతున్నాయి, లేదా ఒకచోట తాకితే ఇంకోచోట పలుకుతోంది

ఈ ప్యానెళ్లలో ఎక్కువ శాతం పరారుణ కిరణాలతో పనిచేస్తాయి. తెర చుట్టూ ఉన్న ఫ్రేమ్‌లోంచి కంటికి కనపడని కిరణాలు అడ్డంగా, నిలువుగా వెళ్తుంటాయి. వేలు వాటికి అడ్డం పడిన చోటును టచ్‌గా తీసుకుంటుంది. అడ్డం పడింది వేలో, సాలెగూడో దానికి తెలియదు. పక్కనే బ్లాక్‌బోర్డు ఉన్న గదిలో సుద్దపొడి మొత్తం ఆ ఫ్రేమ్ అంచులోనే చేరుతుంది. చీర కొంగు తగిలినా, చొక్కా చెయ్యి ఆనినా గీత పడేది ఇందుకే.

స్విచ్ ఆపి, పొడి మెత్తని గుడ్డతో ఫ్రేమ్ లోపలి అంచును నాలుగు వైపులా తుడవండి. తడిగుడ్డ వద్దు, నీళ్లు చల్లవద్దు. ఉదయం బాగుండి మధ్యాహ్నం మాత్రమే ఇలా జరుగుతుంటే అది ఎండ పని. సూర్యకాంతిలోనూ పరారుణ కిరణాలు ఉంటాయి కాబట్టి ఎండ నేరుగా ఫ్రేమ్ మీద పడితే టచ్ గందరగోళపడుతుంది. ఆ కిటికీకి ముదురు రంగు తెర కడితే సరిపోతుంది. తుడిచి, ఎండ ఆపినా మారకపోతే సెట్టింగ్స్‌లో టచ్ క్యాలిబ్రేషన్ (తాకిన చోటును తెరతో సరిపోల్చి సరిచేయడం) ఉందేమో చూసి చేయండి. సర్వీసు వాళ్లకు ఫోన్ చేయడం ఆ తర్వాత.

శబ్దం రాదు

కంప్యూటర్‌లో గడియారం పక్కనున్న స్పీకర్ గుర్తు నొక్కి, శబ్దం ఎటు వెళ్తోందో చూసి ప్యానెల్ పేరు ఎంచుకోండి. పాత ప్రొజెక్టర్‌కు నీలం రంగు వీజీఏ కేబుల్ వాడుతుంటే దానిలో శబ్దం రానే రాదు, స్పీకర్లు విడిగా పెట్టుకోవాలి.

పెన్ డ్రైవ్ పెడితే గుర్తించదు, లేదా వీడియో తెరుచుకోదు

పెన్ డ్రైవ్‌లో ఫైళ్లను అమర్చే పద్ధతిని ఫార్మాట్ అంటారు. ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫార్మాట్‌లో ఉన్న పెన్ డ్రైవ్‌ను కొన్ని ప్యానెళ్లు, టీవీలు చదవలేవు. ఫ్యాట్32లో పెడితే దాదాపు అన్నీ చదువుతాయి. ఫార్మాట్ చేసేముందు అందులో ఉన్నవి వేరేచోట దాచుకోండి, లేకపోతే అన్నీ పోతాయి. ఫ్యాట్32లో ఒక్కో ఫైలు 4 జీబీ దాటకూడదు. పాఠం వీడియో అంత పెద్దది ఉండదు కాబట్టి ఇబ్బంది లేదు. పెన్ డ్రైవ్ తెరుచుకుని ఒక్క వీడియోనే ఆడకపోతే అది ఆ వీడియోను కుదించిన పద్ధతి వల్ల. వీఎల్‌సీ ప్లేయర్ వేసి చూడండి.

ఇంట్లో తయారుచేసిన ప్రశ్నపత్రం స్కూల్లో తెరిస్తే ఇంగ్లిష్ అక్షరాలు, పిచ్చి గుర్తులు

తెలుగు టీచర్లను, తెలుగు మీడియంలో లెక్కలు, సోషల్ చెప్పే వాళ్లను ఇంతగా విసిగించే సమస్య ఇంకొకటి లేదు. అది వాళ్ల తప్పు అసలే కాదు. డీటీపీ సెంటర్లలో చాలాకాలంగా వాడుతున్న అను లాంటి ఫాంట్లు యూనికోడ్ (ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగు అక్షరాన్ని తెలుగుగానే గుర్తించే ఉమ్మడి పద్ధతి) కావు. అందులో టైప్ చేసినప్పుడు ఫైలులో ఉండేది నిజానికి ఇంగ్లిష్ అక్షరాల, గుర్తుల కోడ్లే. ఆ ఫాంట్ ఉన్న కంప్యూటర్ మాత్రమే వాటికి తెలుగు రూపం ఇస్తుంది. ఫాంట్ లేని చోట అసలు కోడ్లు బయటపడతాయి.

ఈ రోజుకు గట్టెక్కాలంటే డీటీపీ సెంటర్‌లోనే పీడీఎఫ్ చేయించుకుని తెచ్చుకోండి, ఎక్కడ తెరిచినా తెలుగు తెలుగులాగే ఉంటుంది. పాత ఫైళ్లను మార్చుకోవాలంటే అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. మార్చాక ఒత్తులు ఒకసారి దిద్దుకోండి. ఇక ముందు రాసేవన్నీ యూనికోడ్‌లోనే రాయండి. విండోస్ 10లో 2019 మే అప్‌డేట్‌తో ఫొనెటిక్ తెలుగు కీబోర్డు వచ్చింది, ఇంగ్లిష్ అక్షరాలతో కొడితే తెలుగు పడుతుంది. టైపింగే టెన్షన్ అనుకునే వాళ్లకు ఇంకో దారి ఉంది. ఫోన్‌లో గూగుల్ డాక్స్ తెరిచి, కీబోర్డులో తెలుగు పెట్టుకుని, మైకు నొక్కి ప్రశ్నలు చదవండి. పాఠం చెప్పే గొంతుతో స్పష్టంగా చదివితే చాలావరకు సరిగ్గానే పడుతుంది. ఈ ఒక్కటి చూపిస్తే, కంప్యూటర్ అంటే భయపడే టీచర్ కూడా ఆ సాయంత్రమే సొంతంగా పేపర్ తయారుచేసుకోగలరు. సాయం చేసేవాళ్లు ఎక్కడ మొదలుపెట్టాలని నన్నడిగితే ఇక్కడే అంటాను.

నెట్ ఉంది, ఏ పేజీ తెరిచినా "కనెక్షన్ సురక్షితం కాదు" అంటోంది

తారీఖు చూడండి. వేసవి సెలవుల్లో ఆపేసి ఉంచిన కంప్యూటర్‌లో మదర్‌బోర్డు మీది చిన్న బ్యాటరీ అయిపోతే తేదీ ఏళ్లు వెనక్కి పోతుంది. వెబ్‌సైట్ల భద్రతా సర్టిఫికెట్ల గడువును బ్రౌజర్ కంప్యూటర్ తేదీని బట్టే సరిచూస్తుంది కాబట్టి అన్నీ చెల్లనివిగా కనిపిస్తాయి. తేదీ, సమయం సరిచేస్తే పేజీలు తెరుచుకుంటాయి. రోజూ మళ్లీ తప్పుతుంటే రూపాయి బిళ్లంత ఉండే ఆ బ్యాటరీ మార్పించండి.

నెట్ నెమ్మది, వీడియో గిరగిరా తిరుగుతూ ఆగిపోతుంది

క్లాసులో నెట్ మీద ఆధారపడకపోవడమే దీనికి మందు. పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్‌ను ముందురోజు ఇంట్లో దీక్ష యాప్‌తో (పాఠాల వీడియోలు ఉండే ప్రభుత్వ యాప్) స్కాన్ చేసి, కావాల్సింది డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. తర్వాత నెట్ లేకున్నా ఆడుతుంది. సైన్స్, లెక్కలకు కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్ల ఫెట్ సిమ్యులేషన్లు (తెర మీదే ప్రయోగం చేసి చూసే బొమ్మలు) కూడా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, వాటిలో తెలుగులో ఉన్నవీ ఉన్నాయి. డౌన్‌లోడ్ కావట్లేదంటే ముందు ఫోన్‌లో జాగా చూడండి. వాట్సాప్ గ్రూపుల్లో వచ్చిపడిన గుడ్ మార్నింగ్ వీడియోలే సగం మింగేసి ఉంటాయి. తప్పనిసరిగా యూట్యూబ్ నేరుగా వేయాల్సి వస్తే నాణ్యతను 360పీకి తగ్గించి, ఆటోప్లే ఆపేయండి. పాఠం అయిన వెంటనే పిల్లల ముందు ఏ వీడియో మొదలవుతుందో మన చేతుల్లో ఉండదు.

తాకితే చెయ్యి జిల్లుమంటోంది

వెంటనే ఆపేయండి. పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. ఎర్తింగ్ లేకపోవడమో, ఉన్న ఎర్త్ పిట్ (ఎర్తింగ్ వైరు భూమిలోకి దిగే గుంత) ఎండిపోవడమో కారణమై ఉండొచ్చు. ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి ఎర్తింగ్ పరీక్ష చేయించే వరకు వాడొద్దు. సాకెట్‌లో పట్టట్లేదని ప్లగ్గులో లావుగా ఉండే మూడో పిన్ను తీసేసి వాడటం కొన్నిచోట్ల కనిపిస్తుంది. ఎవరు చేసినా అది ప్రాణాల మీదికి తెచ్చే పని. వేసవిలో ఎర్త్ పిట్‌లో నీళ్లు పోయించడం హెచ్‌ఎం గారు గుర్తుపెట్టుకోవాలి.

వెనక బెంచీలకు కనిపించదు

పుస్తకం పేజీని పీడీఎఫ్‌గా అలాగే వేస్తే ముందు రెండు వరసలే చదవగలుగుతాయి. కావాల్సిన బొమ్మను, పేరాను మాత్రం పెద్దది చేసి చూపించండి. పీరియడ్‌కు ముందు మీరే వెళ్లి చివరి బెంచీలో కూర్చుని చూడండి.

పిల్లలు వీడియో చక్కగా చూస్తారు, అడిగితే ఏమీ చెప్పలేరు

అసలు సమస్య ఇదే. పైన రాసినవన్నీ బాగై, ఇది బాగవకపోతే ప్యానెల్ ఉండీ ప్రయోజనం లేదు. పదిహేను నిమిషాల వీడియో ఆపకుండా వేస్తే గది నిశ్శబ్దంగా ఉంటుంది. ఆ నిశ్శబ్దాన్ని శ్రద్ధ అనుకుంటాం. వీడియోలో మాట వేగంగా పోతుంది, యాస కొత్తది, ఒకదాని మీద ఒకటి కొత్త విషయాలు వచ్చి పడుతుంటాయి. పిల్లాడు ఎక్కడో జారిపోతాడు. బోర్డు మీద చెప్పేటప్పుడు అయితే వాడి మొహం చూసి మీరే ఆగేవారు. వీడియో ఆగదు.

కాబట్టి ఆపాల్సింది మీరే. గుండెలో రక్త ప్రసరణ పాఠం తీసుకోండి. వీడియో శబ్దం పూర్తిగా తీసేసి, మీ మాటల్లో మీరే చెప్పండి. రక్తం కుడి జఠరికలోకి రాగానే ఆపి, "ఇప్పుడు ఎక్కడికి పోతుంది?" అని అడగండి. జవాబు వెంటనే చెప్పొద్దు. నోటుబుక్‌లో బాణం గుర్తు వేయమనండి. కొందరు ఊపిరితిత్తుల వైపు వేస్తారు, కొందరు ఒళ్లంతటికీ అని వేస్తారు. పక్కవాడితో మాట్లాడుకోనివ్వండి. ఆ తర్వాత వీడియో నడిపితే, తాను వేసిన బాణం సరైందో కాదో తెలుసుకోవాలని ప్రతి ఒక్కరూ తెర వైపు చూస్తారు. రెండు నిమిషాల ముక్కతో ఒక పీరియడ్ నిండుగా నడుస్తుంది.

విద్యుత్ వలయాల సిమ్యులేషన్‌కూ ఇదే పద్ధతి. శ్రేణిలో రెండో బల్బు కలిపేముందు "వెలుగు పెరుగుతుందా, తగ్గుతుందా, అలాగే ఉంటుందా?" అని చేతులెత్తించండి. సమాంతరంగా కలిపేముందు మళ్లీ అడగండి. ముందే ఒక ఊహ చేసుకున్న పిల్లలకు తెర మీద కనిపించింది గుర్తుంటుంది. మీ మాట, మీ ఊళ్లో వాడే ఉదాహరణ వీడియోలో దొరకవు. వాటిని పక్కకు నెట్టి వీడియోకు గది అప్పగించొద్దు.

ప్రతిసారీ ఆ ఇద్దరు పిల్లలే ముందుకొచ్చి తాకుతారు

హాజరు పట్టీలో వరసగా పిలవండి. బెరుకుగా ఉండే అమ్మాయికి మొదటిరోజు జవాబు చెప్పే పని వద్దు, పేజీ తిప్పే పని ఇవ్వండి.

అన్నీ కలిపేసరికే పావుగంట పోతోంది, సిలబస్ అవ్వట్లేదు

ఫైళ్లను తరగతి, సబ్జెక్టు, పాఠం సంఖ్య పేర్లతో ప్యానెల్‌లోనే దాచండి. ఇద్దరు ముగ్గురు విద్యార్థులకు ఆన్ చేయడం, ఫైలు తెరవడం నేర్పి వారం వారం మార్చండి. గంట కొట్టాక రెండు నిమిషాల్లో రాకపోతే వదిలేసి బోర్డు మీద మొదలుపెట్టండి. ఎందుకు రాలేదో మధ్యాహ్నం భోజనాల తర్వాత చూసుకోవచ్చు.

గదికి తాళం వేసి ఉంటుంది

దీని వెనక ఉండేది భయం. "పాడైతే ఎవరు బాధ్యులు? జీతంలో కోస్తారా?" అన్న అనుమానం హెచ్‌ఎంకు ఉంటుంది, టీచర్‌కూ ఉంటుంది. ఆ భయాన్ని తప్పుపట్టలేం. వారంటీ కాగితం, సర్వీసు నంబరు, ప్యానెల్ సీరియల్ నంబరు ఒక పేజీలో రాసి గోడకు అంటించండి. ఒక వాడుక పుస్తకం పెట్టి తేదీ, పీరియడ్, పాఠం, ఇబ్బంది ఏదైనా ఉంటే అదీ రాయండి. పాఠం చెబుతుండగా పాడైందని రాతలో ఉంటే ఎవరూ వేలెత్తి చూపలేరు. స్టాఫ్ మీటింగ్‌లో హెచ్‌ఎం గారే "వాడుతుండగా పాడైతే బాధ్యత నాది" అని అంటే తాళం దానంతటదే ఊడుతుంది.

భయానికి ఇంకో కారణం సొంత ఫోన్. తెర మీద తన ఫోన్ చూపిస్తుండగా ఇంటి విషయాల మెసేజీ పైన వచ్చి పడితే పిల్లల ముందు తలెత్తుకోలేరు. ముందుగా "డు నాట్ డిస్టర్బ్" పెట్టుకోవడం చూపించండి. ప్యానెల్‌లో సొంత గూగుల్ ఖాతాతో లాగిన్ అవ్వకుండా స్కూలు పేరుతో ఒక ఖాతా తెరవండి.

ట్రైనింగ్‌కు వెళ్లొచ్చారు, అయినా వాడట్లేదు

హాలులో అందరినీ కూర్చోబెట్టి ముందు ఒకరు వేగంగా చేసి చూపిస్తే ఎవరికీ చేతికి రాదు. అక్కడి ప్యానెల్ వేరు, ఇక్కడిది వేరు. నేర్పాల్సింది వాళ్ల గదిలో, వాళ్ల ప్యానెల్ మీద, వాళ్లు రేపు చెప్పబోయే పాఠంతో. సాయం చేసేవాళ్లకు ఒకే ఒక్క నియమం: మౌస్, రిమోట్ మీరు పట్టుకోవద్దు. "ఇలా ఇవ్వండి మేడమ్, నేను చేస్తా" అన్న క్షణం నుంచి ఆవిడ చూసేవారే అవుతారు, చేసేవారు కారు. పక్కన కూర్చుని నోటితో చెప్పండి. ఎంతసేపైనా పట్టనివ్వండి. ఆవిడ ఎక్కడ ఆగిపోయారో ఆ మెట్టును ఆవిడ మాటల్లోనే, ఆవిడ చేత్తోనే కాగితం మీద రాయించి ప్యానెల్ పక్కన అంటించండి. వారం తర్వాత వెళ్లి ఇంకో పాఠం పెట్టి చూపించమనండి. అదే చోట మళ్లీ ఆగితే ఆ కాగితంలో వాక్యం సరిగా లేదన్నమాట, ఇద్దరూ కలిసి దాన్ని మార్చి రాయండి.